మలంచాకు రెండు పల్లెలు

తెల్లవారుజామున ఖరగ్‌పూర్ జంక్షనులో దిగే మూటలను చూస్తే చాలు, ఆ పట్టణం ఎవరి మీద ఆధారపడి బ్రతుకుతున్నదో తెలిసిపోతుంది. హౌరా వైపు నుంచి వచ్చే లోకల్ బండ్లలో కూరగాయల గంపలు, పూల మూటలు, మరమరాల బస్తాలు దిగుతాయి. పశ్చిమాన ఝాడ్‌గ్రామ్ అడవుల వైపు నుంచి వచ్చే బండ్లలో సాల ఆకుల విస్తళ్ళ కట్టలు, కట్టెలు వస్తాయి. దక్షిణం నుంచి వచ్చే దూరపు బండ్లలోని సరుకు వేరు. పలాసలోనో, శ్రీకాకుళం రోడ్డులోనో, విజయనగరంలోనో ఎక్కినవారు చింతపండు, బెల్లం, ఊరగాయ జాడీ, ఎండుచేపల పొట్లం మోసుకొని దిగుతారు. మొదటి సరుకు గోల్‌బజారుకు అమ్మకానికి పోతుంది. రెండవది అమ్మకానికి కాదు, వంటింటికి పోతుంది.

పట్టణపు ఒక అంచున ఉన్న మలంచా పేటలో ఈ రెండు రకాల మూటలూ ఒకే వీధిలో కలుసుకుంటాయి. అక్కడి తెలుగు ఇల్లాలు బేరమాడే వంకాయ పది మైళ్ళ దూరాన పండింది. అది ఉడికే పులుసులోని చింతపండు అయిదారువందల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చింది. వంకాయ పండిన పల్లె ఏదో ఆమె ఎన్నడూ చూడకపోవచ్చు. చింతపండు వచ్చిన పల్లెలో మాత్రం ఏ చెట్టు ఎవరిదో ఆమెకు తెలుసు.

పట్టణానికీ చుట్టుపక్కల పల్లెకూ ఉండే సంబంధం గురించి భూగోళశాస్త్ర గ్రంథాలు చెప్పే చిత్రం చాలా సరళమైనది. నడుమ ఒక సంత, దాని చుట్టూ పొలాలు. పల్లె ధాన్యం పంపుతుంది, పట్టణం గుడ్డ, ఉప్పు, వైద్యం, న్యాయస్థానం అందిస్తుంది. తరాల తరబడి ఈ రాకపోకలు సాగిన మీదట పల్లె కొడుకు పట్టణంలో గుమాస్తా అవుతాడు. అనకాపల్లి ఇలా పెరిగిన ఊరే. ఖరగ్‌పూర్ ఇలా పెరగలేదు. ఆ ఊరు చుట్టుపక్కల పల్లెలలోంచి మొలిచింది కాదు, పట్టాల వెంట వచ్చి అక్కడ దిగింది.

ఇప్పుడు పశ్చిమ మేదినీపుర్ జిల్లాగా ఉన్న ప్రాంతానికి ముఖ్యపట్టణం మేదినీపుర్. కంసావతి నదికి ఉత్తరపు గట్టున ఉన్న పాత ఊరు అది. కచ్చేరీలు, వకీళ్ళు, జమీందారుల మేడలు అన్నీ అక్కడే ఉండేవి. నదికి దక్షిణాన పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఎర్రని మొరపనేల మిట్టమీద, సాల చెట్ల నడుమ, ఒంటిపంట వరిచేలు, కొన్ని చిన్న పల్లెలు ఉండేవి. ఖరగ్‌పూర్ అన్న పేరు ఇందా గ్రామంలోని ఖడ్గేశ్వరుని గుడిని బట్టి వచ్చిందని అక్కడివారు చెబుతారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ మిట్టను ఎన్నుకొన్నది. వరద అందని గట్టినేల కావడం ఒక సౌకర్యం. నాగపూర్ వైపు, కటకం వైపు, కలకత్తా వైపు పోయే మార్గాలు అక్కడే కలియడం మరొకటి. కోలాఘాట్ వద్ద రూపనారాయణ నది మీద వంతెన 1900లో పూర్తికాగా హౌరాతో సూటిగా సంబంధం కలిగింది. ఆ వెంటనే పెద్ద కర్మాగారం లేచింది. ఇంజన్లను, పెట్టెలను విప్పి బిగించే ఆ కర్మాగారానికి వేల చేతులు కావలసి వచ్చాయి.

ఆ చేతులు ఎక్కడినుంచి వచ్చాయన్నదే ఈ కథలోని కీలకం. తూర్పుతీర రైలుమార్గం 1890లలో వేయబడింది. వాల్తేరు నుంచి కటకం వరకు గల దాని ఉత్తరభాగం 1902లో బెంగాల్ నాగపూర్ కంపెనీ చేతికి వచ్చింది. అంటే గంజాం, విశాఖపట్నం జిల్లాల పొలిమేరల గుండా కంపెనీ పట్టాలు పోతున్నాయి. 1866లో, 1889లో, మళ్ళీ 1896–97లో కరవులు చూసిన జిల్లాలవి. అక్కడి బీదవారికి వలస కొత్త కాదు. అప్పటికే పడవలెక్కి రంగూను పోయి, బియ్యపు మిల్లులలో, రేవులో కూలి చేస్తున్నారు. రంగూనుకు సముద్రం దాటాలి. ఖరగ్‌పూర్‌కు రైలెక్కితే చాలు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించగా రంగూను తెలుగువారిలో ఎందరో కొండలూ అడవులూ నడిచి తిరిగి వచ్చారు, ఎందరో దారిలోనే మరణించారు. ఖరగ్‌పూర్ దారి మాత్రం మూతపడలేదు.

దగ్గరి పల్లెల రైతును కాదని దూరపు పల్లె కూలీని తీసుకోవడంలో యజమానికి ఒక లాభం ఉన్నది. దగ్గరివాడు నాట్లకు, కోతలకు పని మానుకొని పోతాడు. కోపం వస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. దూరపువాడికి అక్కడ పొలం లేదు, చుట్టం లేదు. తల దాచుకొనే గదికూడా కంపెనీదే. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. ఈ లెక్క రైలు కంపెనీ ఒక్కదానిదే కాదు. అస్సాం తేయాకు తోటలలో, బొగ్గు గనులలో, కలకత్తా జనపనార మిల్లులలో ఆనాటి యజమానులు చాలమంది వేసుకొన్న లెక్కే.

ఇలా వచ్చినవారికోసం కంపెనీ కట్టిన కాలనీ ఒక విచిత్రమైన ఊరు. దొరలకు తోటలతో బంగళాలు, ఆంగ్లో ఇండియన్లకు వేరే వీధులు, భారతీయ కార్మికులకు వరుస గదులు. నీరు, దీపం, ఆసుపత్రి, బజారు, పాకీపని అన్నీ కంపెనీ చేతిలోనివే. 1954లో ఖరగ్‌పూర్‌కు పురపాలక సంఘం ఏర్పడినా రైల్వే కాలనీ చాలాకాలం దానికి వెలుపలే ఉండిపోయింది. ఒకే ఊరిలో రెండు ప్రభుత్వాలు అన్నమాట. ఒకవైపు వీధిదీపం వెలుగుతుంటే రోడ్డు దాటిన తరువాత చీకటి. ఖరీదా, ఇందా, మలంచా వంటి పేటలు ఆ గీతకు అవతలివైపున పెరిగాయి. పూర్వం పల్లెలుగా ఉండి, పట్టణం వచ్చి మీదపడగా పేటలుగా మారిన చోట్లు అవి.

కార్మికులలో తెలుగువారి సంఖ్య ఎంత బలమైనదో 1927లో దేశానికి తెలిసింది. ఆ ఏడాది బెంగాల్ నాగపూర్ రైల్వేలో జరిగిన సమ్మెకు, తరువాత ఖరగ్‌పూర్ కర్మాగారపు లాకౌటుకు ఎదురు నిలిచిన పోరాటానికి ముందు నిలిచినవారిలో ముఖ్యుడు బరంపురంలో పుట్టిన తెలుగు న్యాయవాది వి.వి.గిరి. ఆయన రాష్ట్రపతిగా ఉన్న రోజులలోనే, 1974 మే నెలలో, అఖిల భారత రైల్వే సమ్మె జరిగింది. ప్రభుత్వం దానిని కఠినంగా అణచివేసింది. చరిత్ర ఇటువంటి చమత్కారాలు అప్పుడప్పుడు చేస్తుంది.

ఇక ఇంటి సంగతి. మొదటి తరం ఖలాసీ దృష్టిలో ఖరగ్‌పూర్ ఊరు కాదు, పని. ఊరు అంటే పలాస దాటిన తరువాత వచ్చేది. నెలకొకసారి మనియార్డరు అక్కడికి పోతుంది, ఏడాదికొకసారి రైల్వే పాసు మీద కుటుంబం పోతుంది. కూతురి సంబంధం అక్కడ వెదకుతారు, తద్దినం అక్కడ పెడతారు, కొన్న అరెకరం అక్కడ కొంటారు. పట్టణపు జీతంలో మిగిలిన ప్రతి రూపాయి చుట్టుపక్కల పల్లెలను దాటిపోయి వంశధార, నాగావళి గట్లమీద పెంకుటిల్లుగానో, బావిగానో, పెళ్ళిభోజనంగానో మారింది. ఉచిత పాసు అన్న చిన్న కాగితం ఆరేడువందల కిలోమీటర్లను ఒక రాత్రి నిద్రగా కుదించివేసింది. ఆ విధంగా చూస్తే ఖరగ్‌పూర్‌కు అసలైన గ్రామసీమ మేదినీపుర్ జిల్లాలో కాదు, శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ జపానులో దొరుకుతుంది. యుద్ధానంతరం 1946–50 మధ్య అక్కడ జరిగిన భూసంస్కరణ కౌలుదారులను సొంతదారులను చేసింది. కాని ఒక్కొక్క కుటుంబానికి మిగిలింది సగటున ఒక హెక్టారు మాత్రమే. అది చాలదు. అటు పరిశ్రమకు కూలీలు కావాలి. అక్కడి ప్రభుత్వం కర్మాగారాలను మహానగరాల నుంచి చిన్న పట్టణాలకు, ఆ తరువాత పల్లెల అంచులకు తరలించే విధానం చేపట్టింది. 1971లో దానికోసం ప్రత్యేక చట్టమే చేసింది. ఫలితంగా రైతు ఊరు విడువలేదు. ఉదయం పట్టణపు కర్మాగారానికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఆదివారం చిన్న యంత్రంతో మడి దున్నాడు. మిగిలిన రోజులలో పొలం చూసేవారు తాత, అవ్వ, తల్లి. జపాను భాషలో ఈ ముగ్గురినీ ముద్దుగా పిలిచే మాటల చివర ‘చాన్’ అని వస్తుంది కనుక 1960లలో దీనికి ‘సాన్‌చాన్ నోగ్యో’, అంటే ముగ్గురు చాన్‌ల సేద్యం, అన్న పేరు స్థిరపడింది. 1970 నాటికి జపాను రైతు కుటుంబాలలో సగం వరకు పొలంకంటె బయటి సంపాదనమీదనే ఎక్కువగా బ్రతికేవి.

ఆ ఏర్పాటు స్వర్గమేమీ కాదు. తాత, అవ్వ పోయిన తరువాత వారి చోటు తీసుకొనేవారు లేరు. పిల్లలు చిన్న పట్టణాన్ని కూడా దాటి టోక్యో చేరారు. 1999లో 3,232గా ఉన్న నగర, పట్టణ, గ్రామ సంఘాలను ఒకదానిలో ఒకటి కలిపివేయగా 2006 నాటికి 1,821 మిగిలాయి. పేరుకు నగరంలో ఉన్న ఎన్నో వార్డులలో వృద్ధులూ పాడుబడిన ఇళ్ళూ తప్ప ఏమీ లేవు. 896 స్థానిక సంఘాలు 2040 నాటికి అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవని 2014లో ఒక నిపుణుల సంఘం హెచ్చరించింది. అయినప్పటికీ ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. రెండు తరాల పాటు జపాను చిన్న పట్టణపు జీతం పక్క పల్లెలోనే ఖర్చయింది. ఆ పల్లెల బడి, రోడ్డు, పెంకు కప్పు ఆ జీతంతోనే నిలిచాయి.

ఖరగ్‌పూర్ పక్క పల్లెలకు ఆ జీతం వాసనకూడా సరిగా తగలలేదు. వారికి దక్కినవి బజారు, పాలపోత, రిక్షా, ఇళ్ళలో అంట్లపని. పట్టణానికి వారు అమ్మేవారే కాని పట్టణంలో కుర్చీ వేసుకొని కూర్చొనేవారు కారు. ముఖ్యంగా లోధా, సంతాలీ కుటుంబాల స్థితి ఇది. బ్రిటిషు ప్రభుత్వం లోధాలను ‘నేరస్థ జాతి’గా ముద్రవేసింది, ఆ చట్టం 1952లో రద్దయినా ముద్ర తొందరగా చెరగలేదు. వారిలో మొదటి పట్టభద్రురాలు చునీ కోటాల్ మేదినీపుర్‌లో చదువు కొనసాగిస్తూ అవమానాలు భరించలేక 1992లో ప్రాణం తీసుకొన్నది. ఖరగ్‌పూర్‌లో దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. నెలకొన్నది 1951లో. హిజ్లీలో ఒకనాటి నిర్బంధ శిబిరపు భవనంలో మొదలైన ఆ విద్యాలయం 1950లలోనే వ్యవసాయ ఇంజనీరింగు బోధించసాగింది. దాని ప్రహరీకి అవతల ఒంటిపంట చేలు వానకోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఇది విద్యాలయాన్ని నిందించడానికి కాదు. గోడలు అంత గట్టిగా కట్టబడ్డాయని చెప్పడానికి మాత్రమే.

పట్టణం ఆ గోడలు దాటి పల్లెలోకి నిజంగా అడుగుపెట్టింది 1990లలో. వచ్చింది జీతం పట్టుకొని కాదు, కొలగొలుసు పట్టుకొని. ఖరగ్‌పూర్ శివారున కలాయికుండా గ్రామపంచాయతీలో దుక్కఇనుము కర్మాగారాలకోసం ప్రభుత్వం రైతుల భూమిని సేకరించింది. ఒక కర్మాగారానికి తీసుకొన్నది సుమారు రెండువందల ఎకరాలు. అది కట్టారు, నడిచింది. మరొక సంస్థకోసం అయిదువందల ఎకరాలకు పైగా తీసుకొన్నారు. ఆ సంస్థ దుక్కఇనుము కర్మాగారం కట్టనే లేదు. భూమి రైతుకు లేక, పరిశ్రమకు లేక ఏళ్ళ తరబడి పడి ఉన్నది. మేదినీపుర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం బోధించిన అభిజిత్ గుహ ఈ కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి, 2007లో ఒక గ్రంథం వెలువరించాడు. అందులో తేలిన విషయం చేదుగా ఉంటుంది. 1978లో మొదలైన ‘ఆపరేషన్ బర్గా’ కౌలుదారుల పేర్లు రికార్డులకు ఎక్కించి దేశానికంతటికీ ఆదర్శమని పేరు తెచ్చుకొన్నది. భూసంస్కరణకు అంత పేరుపొందిన రాష్ట్రంలోనే చిన్నరైతు చేతిలోని నేల పరిశ్రమ పేరిట జారిపోయింది. సింగూరు, నందిగ్రామ్ పేర్లు పత్రికలకు ఎక్కడానికి పదేళ్ళకు పైగా ముందటి మాట ఇది. అప్పుడు అక్కడి రైతుల మొర కలకత్తా వరకు వినిపించలేదు.

ఇదే కాలంలో మలంచాలో మరొక భూమి కథ, చప్పుడు లేకుండా, జరుగుతూ వచ్చింది. రైల్వే ఉద్యోగి పదవీ విరమణ చేసిన తరువాత క్వార్టర్సు ఖాళీ చేయవలసిందే. మొదటి తరంవారు చాలమంది పెట్టె సర్దుకొని ఊరికి పోయారు. రెండవ తరం సందేహించింది. మూడవ తరం పిల్లలు ఖరగ్‌పూర్ బడులలో చదివారు. వీధిలో హిందీ, దుకాణంలో బెంగాలీ, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సెలవులకు ఊరు పోతే ‘బెంగాలువాళ్ళు వచ్చారు’ అని అనిపించుకొంటారు. ఊరిలోని అరెకరం అప్పటికి అన్నదమ్ముల పంపకాలలో సెంట్లకు దిగింది. అందువల్ల చేతికి వచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్ము మొదటిసారి పలాస వైపు పోక మలంచా వైపు తిరిగింది. రెండు కాటాల స్థలం, ముందు ఒక గది, తరువాత మరొకటి. అమ్మినవాడు ఆ నేలమీద వరి పండించిన రైతు. డెబ్బై ఎనభై ఏళ్ళు ఒకరికొకరు కూరగాయల బేరంలో తప్ప ఎదురుపడని రెండు కుటుంబాలు మొదటిసారి రిజిస్ట్రారు కచ్చేరీలో పక్కపక్కన కూర్చొన్నాయి. ఒకరికి అది ఊరు సంపాదించుకొన్న రోజు. రెండవవారికి ఊరు పోగొట్టుకొన్న రోజు. రైతు కొడుకులలో కొందరు ఆ సొమ్ముతో బ్యాటరీ రిక్షా కొని, తమ తండ్రి దున్నిన చోటినుంచి స్టేషనుకు సవారీలను చేరవేస్తున్నారు.

స్థలం కొన్నంతమాత్రాన ఊరు అయిపోదని కాగితాలు గుర్తుచేస్తాయి. షెడ్యూల్డు కులం, తెగ అన్న గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుందనీ, ఒక రాష్ట్రపు గుర్తింపు మరొక రాష్ట్రానికి వెంటరాదనీ 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగం, చదువు కోసం రాష్ట్రాలు దాటినవారి పిల్లలకు అది పెద్ద చిక్కు అయి కూర్చొన్నది. ఊరు దాటి వందేళ్ళయినా, కాగితం మాత్రం ‘నీ తాత ఏ ఊరివాడు?’ అనే అడుగుతుంది. భాష విషయంలో కొంత ఊరట కలిగింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్రపు అధికార భాషలలో ఒకటిగా గుర్తించడానికి నిర్ణయించింది. ఎన్నికలు సమీపించిన వేళ తీసుకొన్న నిర్ణయమని కొందరు అన్నారు. ఎన్నికల ముందయినా ఒక ప్రభుత్వం తమను లెక్కించిందని ఖరగ్‌పూర్‌లో మరికొందరు సంతోషించారు. రెండు మాటలూ నిజమే.

ఇంతలో అసలు ఆధారమే సన్నబడుతున్నది. 1990ల ఆరంభంలో భారత రైల్వేలలో పదహారు లక్షలకు పైగా ఉద్యోగులు ఉండేవారు. 2020ల ఆరంభానికి ఆ సంఖ్య పన్నెండు లక్షల ప్రాంతానికి దిగింది. ఆవిరి ఇంజను పోయింది; దానితో బొగ్గు ఎత్తేవారు, బాయిలరు గోకేవారు పోయారు. ఒకప్పుడు ప్రపంచంలో అతి పొడవైనదని పాఠ్యపుస్తకాలకు ఎక్కిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారముకు కూడా 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ గౌరవం లేకుండా చేశాయి. ఈ నష్టం ఎవరి కడుపూ కాల్చదు. కాని తండ్రి తరువాత కొడుకు కర్మాగారంలోకి పోవడం అన్న పాత భరోసా లేకపోవడం కాలుస్తుంది. మలంచా యువకులు ఇప్పుడు బెంగుళూరుకు, హైదరాబాదుకు పోతున్నారు. పక్క పల్లెల యువకులూ అవే బండ్లు ఎక్కుతున్నారు. ఒకే పెట్టెలో, ఎదురెదురు బల్లలమీద.

ఉత్తరాంధ్రలో గ్రామదేవత పని ఊరి పొలిమేర కాయడం. రోగం, పీడ, ఈతిబాధ పొలిమేర దాటి రాకుండా ఆమె నిలబడుతుందని నమ్మకం. అందుకే జాతరనాడు ఘటాలను ఊరంతా త్రిప్పుతారు. వలసవచ్చినవారు తమతోపాటు ఆమెనుకూడా తెచ్చుకొన్నారు. ఖరగ్‌పూర్ తెలుగువారు ‘మాతాపూజ’ పేరుతో చేసే ఉత్సవం ఆ జాతరే. డప్పులు మ్రోగుతాయి, పసుపు నీళ్ళు, వేపరొట్టలు, తలమీద ఘటాలు. చూడడానికి బెంగాలీ ఇరుగుపొరుగులు, పక్క ఊళ్ళ జనం కూడ వచ్చి నిలబడతారు. బుడగలు, వేయించిన శనగలు అమ్మేవారు చాలవరకు వారే. అయితే పొలిమేర ఎక్కడ? మొదటి తరానికి ఆ ప్రశ్న రాలేదు. కంపెనీ కాలనీ ఎక్కడ ముగుస్తే అక్కడే. ఇప్పుడు ఊరేగింపు రైల్వే వీధులు దాటి, లెవెల్ క్రాసింగు దాటి, మలంచా సందులలోకి, ఒకప్పుడు వరిచేలున్న చోటికి వస్తున్నది. ఘటం మోసే మనిషి ఆగిన ఇంటి గుమ్మంలో బిందెడు నీళ్ళు కాళ్ళమీద పోస్తారు. ఆ ఇంటి పక్కనే ఇంకా అమ్మని ఒక చెక్క పొలం ఉన్నది. దాని గట్టుమీద నిలబడి రైతు భార్య ఊరేగింపు చూస్తున్నది. ఘటం తన ముందుకు వచ్చినప్పుడు ఆమెకూడా వంగి, తన చెంబులోని నీళ్ళు పోసింది.